తొంభై పూసల కుండ

ఈదులకుంట అన్నది పేరుకే. ఊరంతా గాలించినా మిగిలిన ఈత చెట్లు పదకొండు. పదకొండు చెట్లూ కలిసి ఎంత కార్చినా నలభై మందికి చాలే కల్లు రాదు. తాగేవాళ్లు మాత్రం రెండు వేల మంది. మగవాళ్లు, ఆడవాళ్లు, ఒళ్లో పిల్లలు కూడా. మరి చెట్టు ఇవ్వని కల్లు ఎక్కడిది? నీళ్లు, శాక్రిన్, నురగ కోసం కుంకుడు రసం, పైన చెంచాడు తెల్ల పొడి. నిద్ర పట్టని రోగికి డాక్టరు ఆ పొడిని ఆవగింజలో పదో వంతు కొలిచి ఇస్తాడు. ఇక్కడ బకెట్లలో కలిపారు. నలభై ఏళ్లు కలిపారు. ఆపాల్సిన ఆఫీసర్లు జీపు దిగకుండానే వెనక్కి తిరిగారు.

గంగామణి తల్లి లింబవ్వ బీడీలు చుట్టేది. పొద్దున చాట ఒళ్లో పెట్టుకుంటే వెయ్యి బీడీలు అయ్యేదాకా లేచేది కాదు. పొద్దుగూకే వేళకు మూడు సీసాలు. నడుము నొప్పికి అదే మందు, మెడ నొప్పికి అదే, బతుకు నొప్పికీ అదే. తాగి పడుకుంటే తెల్లారేదాకా రాయి.

రెండేళ్ల కిందట పైనుంచి ఆర్డరు వచ్చింది. కల్లు దుకాణాలన్నీ ఐదు రోజులు మూసేశారు. కుండలు పగలగొడుతున్న ఫొటోలు పేపర్లో పడ్డాయి. పగలగొట్టినవాడు భోజనానికి వెళ్లాడు. ఆ కుండ మీద బతుకుతున్న ఒళ్లు ఏమవుతుందని ఒక్కడూ అడగలేదు.

మొదటి రోజు వణుకు. రెండో రోజు చెమటలు. మూడో రోజు లింబవ్వ గోడకు ఆనుకుని కూర్చుని గాలిలో బీడీలు చుట్టింది. ఆకు లేదు, తంబాకు లేదు. వేళ్లు మాత్రం ఆగడం లేదు. చుట్టి, దారం కట్టి, పక్కన పెట్టి, మళ్లీ చుట్టింది. "గంగీ, ఆకు మీద చీమలున్నయ్, తియ్యే" అంది. తర్వాత కళ్లు తేలేసింది. ఫిట్స్. నాలుక సగం తెగింది.

గంగామణి మోపెడ్ మీద పక్క జిల్లాకు పోయి కొంగులో రెండు సీసాలు దాచుకుని వచ్చింది. తల్లి తల ఒళ్లో పెట్టుకుని, రక్తం కారుతున్న నోట్లో తన చేత్తో తానే పోసింది. అరగంటలో లింబవ్వ నెమ్మదించింది. అమ్మ బతికింది. అమ్మను మళ్లీ ఆ గోతిలోకి దింపిన చెయ్యి తనదే.

ఆ ఐదు రోజుల్లో ఊళ్లో ఏడుగురు పోయారు. కల్లు దుకాణం నడిపే భూమాగౌడు తమ్ముడు సాయన్న, ఇంటికి నిప్పంటుకుందని అరుస్తూ పోయి బావిలో దూకాడు. ఇంటికి ఏ నిప్పూ లేదు.

ఆపితే చస్తారు. ఆపకపోతే మెల్లగా చస్తారు. తల్లిని ప్రాణాలతో ఆ మత్తులోంచి దింపాలి. గంగామణికి ఆ రోజు నుంచి వేరే ఆలోచన లేదు.

*

గంగామణి చదివింది ఇంటరే. కానీ మూతబడ్డ చక్కెర మిల్లులో పద్నాలుగేళ్లు ఈస్ట్ గది చూసుకుంది. చెరుకు మడ్డిని పులియబెట్టే ఈస్ట్‌ను పసిపిల్లలా పెంచేది. మిల్లు గేటుకు తాళం పడ్డా ఆ గది తాళంచెవి వాచ్‌మన్ దయ వల్ల ఆమె దగ్గరే ఉండిపోయింది.

ఏడుగురు చచ్చిన వార్త చదివి ఊరికి వచ్చి, ఈస్ట్ గది సంగతి విని వెతుక్కుంటూ వచ్చిన మనిషి సఫియా మేడమ్. అరవై దాటిన కెమిస్టు. రిటైరైంది. వచ్చీరాగానే స్టూలు మీద కూర్చుని చెప్పింది.

"గంగా, నేను ఇరవై రెండేళ్లు ఆ పొడి తయారు చేసే కంపెనీల పనిచేసిన. మంచి మందు అది. నిజంగ మంచి మందు. వెనక గేటు నుంచి డ్రమ్ములు పోతుంటే కూడ నేను మంచి మందే చేస్తున్న అనుకున్న."

"ఇప్పుడేమంటరు మేడమ్?"

"ఒక్కసారి ఆపితే మెదడు తట్టుకోదు. మెట్టు మెట్టు దిగాలె. రోజుకు కొంచెం, కొంచెం."

"రెండు వేల మందికి రోజూ కొలిచి ఎవరిస్తరు? డాక్టరా? మా దవాఖానల దూది కూడ ఉండది."

"అదే కదా."

గంగామణికి ఒకటి తట్టింది. భూమాగౌడు కుండ గుర్తొచ్చింది. ఆ కుండను ఎప్పుడూ కడగరు. నిన్నటి కల్లు ఒంపేసి అడుగున నాలుగు వేళ్ల మందం మడ్డి ఉంచుతారు. ఇవాళ్టి కల్లు దాని మీద పోస్తే పులుస్తుంది. ఆ మడ్డి ఆయన తాత నాటిది. ఒక్క మడ్డి, డెబ్బై ఏళ్లుగా రోజూ కని, రోజూ చచ్చి, రోజూ పుడుతోంది.

"మేడమ్, మందు కొలిచేది మనిషే కావాల్నా? మడ్డి కొలవదా?"

సఫియా మేడమ్ స్టూలు మీంచి లేచింది. ఒక చిన్న సీసాలో ఆ మడ్డి పట్టుకుని పట్నంలో ల్యాబుకు పోయింది. పద్నాలుగు నెలలు రాలేదు.

వచ్చిన రోజు మాటల్లేకుండా ఒక చుక్క అద్దం మీద వేసి, మైక్రోస్కోపు గంగామణి వైపు తిప్పింది. గంగామణి చూసింది. వెలుగులో తేలే గుండ్రటి గింజలు. ఒక్కో గింజ పక్కన చిన్న మొటిమ. మొటిమ ఉబ్బి, బిడ్డై, తల్లిని విడిచి పక్కకు జరిగింది. పద్నాలుగేళ్లు చూసిన సంగతే.

"ఏముంది మేడమ్ ఇందుల?"

"దాని కడుపుల ఒక దారం ఉంటది. ఆ దారానికి తొంభై పూసలు గుచ్చిన. ఒక్కో పూస ఒక బొట్టు మందు చేస్తది. తొంభై ఉన్నప్పుడు గౌడ్ చెంచా ఎంతో అంత. పిల్లలు, పిల్లల పిల్లలు పుట్టినకొద్దీ పూస రాలతది. కుండ ఒక్కసారి పులిసేలోపు ఒక్క పూస. రేపు ఎనభై తొమ్మిది. ఎల్లుండి ఎనభై ఎనిమిది."

"తొంభై దినాలకు?"

"ఉత్త కల్లు."

గంగామణి మళ్లీ కంటిని అద్దానికి ఆనించింది. ఆవగింజ మీద కూర్చోబెడితే లక్షల కొద్దీ పట్టే జీవి. కళ్లు లేవు, చేతులు లేవు. అది లెక్కపెడుతోంది. ఆర్డర్లు, జీపులు, ఫొటోలు చేయలేని పని. ఒక ఊరి చెయ్యి పట్టుకుని మెట్టు తర్వాత మెట్టు దింపే పని. ఆ పనిని తన కడుపులో దారంగా మోసుకుని ఆ జీవి నీళ్లలో తేలుతోంది.

"దినం అయిందని దానికెట్ల ఎర్క మేడమ్?"

"ఎర్కలేదు. పొద్దు ఎర్కలేదు, మాపు ఎర్కలేదు. కాన్పు ఒక్కటే ఎర్క. కన్నకొద్దీ దిగుతది. కనకపోతే ఎక్కడున్నది అక్కడనే ఉంటది."

గంగామణి విన్నది. ఆ ఆఖరి మాట కూడా విన్నది. వినడం వేరు, గుర్తుపెట్టుకోవడం వేరు.

*

భూమాగౌడు చెట్టు దిగి మోకుతాడు భుజాన వేసుకుంటుండగా ఇద్దరూ వెళ్లి చెప్పారు. ఆయన కల్లు లొట్టి కింద పెట్టి, విన్నాడు. మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు.

"పొడి నేనే కలిపిన" అన్నాడు చివరికి. "ఎక్కుతలేదు గౌడ్, నీ కల్లు నీళ్ల లెక్కున్నదని ఎవడో అన్నడు. అందరు కలుపుతున్నరు, నేనూ కలిపిన. మా తమ్ముడు సాయిగాడు కూడ నా చేతి కల్లే తాగిండు. తేండ్రి ఆ మడ్డి."

"మామా, ఊరికి చెప్పొద్దా?" అడిగింది గంగామణి.

"చెప్తే ఒక్కడుంటడా నా దుకాణంల? సైకిలేసుకొని పక్కూరికి పోతరు. తగ్గిస్తున్నమని నోటితోటి అన్నవనుకో, తగ్గకముందే నాలిక తగ్గిందంటది."

సఫియా మేడమ్ నేల చూసింది. గంగామణి తన తల్లి మొహం తలచుకుంది, తెగిన నాలుక తలచుకుంది, సరే అంది. ముగ్గురు కూర్చుని రెండు వేల నోళ్ల మీద తీర్పు చెప్పేశారు. ఊరి మంచికే. పొడి కలిపినవాళ్లు కూడా ఎప్పుడో ఒకప్పుడు అదే అనుకుని ఉంటారు.

మర్నాడు పన్నెండు కుండల్లో కొత్త మడ్డి పడింది. పొడి డబ్బాను భూమాగౌడు మోరీలో పారేశాడు.

కొత్త మడ్డితో పులిసిన తొలి కల్లు ఎల్లమ్మ తల్లిది. అది ఆ ఊరి ఆనవాయితీ. భూమాగౌడు ఒక ముంత నిండా పట్టి, మూతికి గుడ్డ కట్టి, మట్టి మెత్తి, గుడిలో తడి ఇసుకలో మెడదాకా పాతిపెట్టాడు. పండుగ రోజు తీస్తారు. ఊళ్లో అందరికన్నా పెద్ద ఆడమనిషి తొలి బుక్క తాగుతుంది. తర్వాత దుకాణంలో ప్రతి కుండలో ఒక గంటె కలుపుతారు, తల్లికి పెట్టిన సాక కల్లు ఊరందరికీ అందాలని. దుకాణం కుండల గురించి ముగ్గురూ రాత్రంతా మాట్లాడుకున్నారు. ఆ ముంత గురించి ఎవరూ మాట్లాడలేదు. అది కల్లు కాదు, తల్లి సొమ్ము. ముంత ఇసుకలో దిగుతుంటే గంగామణి అక్కడే నిలబడి ఉంది. దండం కూడా పెట్టింది.

*

పది రోజులకు ఏమీ లేదు. ఇరవై రోజులకు ఊళ్లో కొంచెం కోపం పెరిగింది. ఎవరికి ఎవరి మీదో తెలియని కోపం. గంగామణి రోజూ ఒక సీసాలో కల్లు పట్టుకొచ్చి, అందులో ఎంత మందుందో చూడడానికి సఫియా మేడమ్ ఇచ్చిన రంగునీళ్లు ఒక చుక్క వేసేది. మొదటి రోజు సిరాలా ముదురు నీలం. రోజూ ఒక పిసరు పలచన. ఏ రోజూ తప్పలేదు.

ముప్పై మూడో రోజు లింబవ్వ చాటలోంచి చిటికెడు తంబాకు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"గంగీ, గీ తంబాకు గింత ఘాటుంటదా?"

"నలభై ఏండ్ల సంది సుడుతున్నవ్ కదనే."

"సుడితే సుట్టిన. వాసన ఇయ్యాలనే అచ్చింది."

గంగామణి పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంది. ఒక ముక్కు తెరుచుకున్నందుకు మనిషికి ఇంత ఏడుపు వస్తుందని ఆమెకు తెలియదు.

ఇంతకు ముందు పొద్దుగూకితే ఊరి మీద మూత పడేది. ఇప్పుడు ఆ వేళకు అరుగుల మీద మనుషులు కూర్చుంటున్నారు. గొడవలు పెరిగాయి. నవ్వులూ పెరిగాయి. ఎవడో ముసలాయన కొంగలు గూటికి పోవడం చూస్తూ నిలబడి, "ఇవి రోజూ గిట్లనే పోతయా?" అని అడిగాడట.

నలభై ఎనిమిదో రోజు కలలు మొదలయ్యాయి.

బీడీలు అప్పజెప్పే వరండాలో ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. ఎదురింటి రాజవ్వ ముందు ఎత్తుకుంది.

"చచ్చిపోయిన మా ఆయన అచ్చిండే. మంచం మీద కూసుండి చాయ్ పెట్టుమన్నడు."

"పెట్టినవా మరి?"

"పాలు లేవన్న. బతికున్నప్పుడు తెచ్చిండా ఎన్నడన్న?"

నవ్వులు. దర్జీ పెంటయ్య భార్య సాయవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అంది, "మా ఆయనైతే నిద్రల మిషన్ తొక్కుతుండు. ఒక్కటే కాళ్లు ఆడిచ్చుడు. మంచం ఇర్గుతదేమోనని నేను కింద పండుకుంటున్న."

"ఏం కుడుతుండట?"

"పెండ్లి అంగీ అట. ఎవలిదంటే చెప్పడు. సిగ్గువడుతడు."

ఒక్కొక్కరూ చెప్పారు. ఎద్దు వచ్చింది, తల్లి వచ్చింది, చిన్నప్పటి వాగు వచ్చింది. నలభై ఏళ్లుగా కల అన్న మాటే ఎరగని ఊరు. ఒకే వారంలో ఊరు మొత్తం కలలు కంటోంది. గంగామణి అక్కడ కూర్చోలేకపోయింది. మిల్లు గదికి పరుగెత్తి చెప్పింది.

"ఆ పొడి నిద్ర ఇస్తది, కల తీసేసుకుంటది" అంది సఫియా మేడమ్ మెల్లగా. "ఇన్నేండ్లు ఆగిన కలలన్నీ ఇప్పుడు కట్ట తెంపుకున్నయి. నేను పుస్తకంల చదివిన గంగా. రెండు వేల మందికి ఒక్కసారి వస్తదని ఏ పుస్తకంల లేదు."

ఆ సాయంత్రం ఇంట్లో లింబవ్వ చాట ముట్టుకోలేదు. గోడ వైపు చూస్తూ కూర్చుంది.

"నీకేం కలొచ్చింది అవ్వా?"

"మీ అక్క అచ్చింది."

గంగామణికి ఒక అక్క ఉండేదని తెలుసు. లచ్చు. నాలుగేళ్లకు జ్వరంతో పోయిందని చెప్పేవాళ్లు. తాను అప్పటికి పుట్టలేదు.

"జడెయ్యమని నా ముంగట కూసున్నది. మూడు పాయలు దీసిన. రిబ్బను దొరకలే. ఎతుక్కుంటుంటే మెలకువ అచ్చింది." లింబవ్వ ఖాళీ చేతులు చూసుకుంది. "జరం గాదే గంగీ. వెయ్యి బీడీలు అయితలేవని, పడుకుంటదని, నేనే ఇంత కల్లు పట్టిన. పడుకున్నది. మళ్ల లేవలే. గీ సంగతి నేనే మర్సిపోయిన. తాగి తాగి మర్సిన. ఇప్పుడెందుకు యాదికొస్తున్నదే? ఎవలు తెచ్చిండ్రు గీ యాది?"

గంగామణి చాటను పక్కకు జరిపింది. ఆ యాది తెచ్చింది తనే.

*

అరవై ఒకటో రోజు దర్జీ పెంటయ్య పక్కూరికి పెళ్లికి పోయాడు. కలలో కుట్టిన, ఎవరిదో చెప్పని పెళ్లి అంగీ ఆ పెళ్లికొడుకుదే. మేనల్లుడు. అక్కడి దుకాణంలో పాత అలవాటుగా నాలుగు సీసాలు తాగాడు. అక్కడి కల్లులో పొడి నిండుగా ఉంది. పెంటయ్య ఒంట్లో మాత్రం ఆ నిండు తట్టుకునే శక్తి మూడో వంతుకు దిగింది. ఆ సంగతి ఆయనకు తెలియదు. పందిట్లో చాప మీద పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు.

శవాన్ని ట్రాక్టరులో తెచ్చినప్పుడు సాయవ్వ, "ఎప్పుడు తాగేదే తాగిండు. నాలుగే తాగిండు" అని అదే మాట పదే పదే అంటోంది. గంగామణి ఆమె పక్కన కూర్చుని చేయి పట్టుకుంది. ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఈ మనిషి బతికేవాడు. ఆ ఒక్క మాట ఇప్పుడూ చెప్పలేదు. ఇంకా ముప్పై పూసలున్నాయి, అయిపోనీ అనుకుంది. పిరికితనానికి కూడా లెక్కలు బాగానే వస్తాయి.

డెబ్బై ఒకటో రోజు ఎల్లమ్మ పండుగ. మిట్టమధ్యాహ్నం. గంగామణి ఈస్ట్ గదిలో ఆ రోజు సీసా చూస్తోంది. లేత నీలం, ఎండాకాలం పొద్దుటి ఆకాశం రంగు. ఇరవై పూసలు. ముచ్చటేసింది. పక్క అరలో మొదటి రోజు పట్టి మూత బిగించి దాచిన చిన్న సీసా కనబడింది. ఊరికే, ఎంత దూరం వచ్చామో చూద్దామని, దాంట్లో కూడా ఒక చుక్క రంగునీళ్లు వేసింది.

సిరా. చిక్కటి సిరా.

"మేడమ్, ఇదెందుకు దిగలే? డెబ్బై దినాలైంది కదా."

"మూత పెట్టినవ్ కదా. కొత్త కల్లు పడలేదు, కనలేదు. తొంభై కాడనే ఉన్నది. మందైతే డెబ్బై దినాల సంది చేస్తనే ఉన్నది." సఫియా మేడమ్ తల కూడా ఎత్తకుండా చెప్పింది.

దూరంగా ఊళ్లో డప్పులు మొదలయ్యాయి.

గంగామణి సీసా అక్కడే వదిలేసి లేచింది. తడి ఇసుక. మెడదాకా పాతిన ముంత. తొలి బుక్క తాగేది ఊళ్లో పెద్ద ఆడమనిషి. పోయినేడు ఆ పెద్దామె పోయింది. ఇప్పుడు పెద్దది లింబవ్వ.

మోపెడ్ మీద ఎలా వచ్చిందో ఆమెకు తెలియదు. గుడి ముందు ఊరంతా ఉంది. ముంత మూతి విప్పేసి ఉంది. భూమాగౌడు గంటె పట్టుకుని కుండల దగ్గరికి పోవడానికి సిద్ధంగా ఉన్నాడు. లింబవ్వ కొత్త చీరలో ఎల్లమ్మ ఎదుట నిలబడి ఉంది. రెండు బుగ్గలూ నిండి ఉన్నాయి.

"అవ్వా, మింగకు."

డప్పులు ఆగాయి. తల్లి సాకను మింగొద్దన్న మనిషిని ఆ ఊరు ఎన్నడూ చూడలేదు.

గంగామణి చెప్పింది. దాచకుండా చెప్పింది. మడ్డి, పూసలు, లెక్క. ఈ ముంతలో ఉన్నది డెబ్బై రోజులు మందు ఊరిన తొంభై పూసలదనీ, ఇవాళ ఊరి ఒంట్లో ఉన్నది ఇరవై అనీ, ఈ గంటె కుండల్లో పడితే ఇవాళ్టి కల్లు ఎవరినైనా లేవకుండా చేస్తుందనీ, దిగిన డెబ్బై మెట్లూ మొదటికొస్తాయనీ చెప్పింది. పెంటయ్య ఎందుకు పోయాడో చెప్పింది. భూమాగౌడు గంటె వదిలేసి ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. "అవు, నేను కూడ" అన్నాడు.

అప్పుడు సాయవ్వ ముందుకు వచ్చింది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"పొడి పోసినోడు మమ్ముల అడగలే. పొడి తీసినోళ్లు కూడ అడగలే. మా నోరు మీ అయ్య జాగీరానే గంగామణీ? ఒక్క మాట. తక్కువ తాగు పెంటయ్యా, నీ ఒళ్లు మారిందని ఒక్క మాట. నీ నోట్ల ఏమున్నది అంతదాక?"

అందరి కళ్లూ లింబవ్వ మీదకు తిరిగాయి. ఇంతసేపూ ఆమె బుగ్గలు నిండే ఉన్నాయి. ఉమ్మితే తల్లిని ఉమ్మినట్టు. మింగితే ఆ పాత రాయి నిద్ర. ముసలి కళ్లు ఎల్లమ్మను చూశాయి, కూతురిని చూశాయి. గొంతు కదిలింది. మింగింది.

గంగామణి జనాన్ని తోసుకుంటూ తల్లి పక్కకు చేరింది.

లింబవ్వ మూతి తుడుచుకుని, భూమాగౌడు ముందున్న ముంతను రెండు చేతులతో ఎత్తింది.

"ఒక్క బుక్క నాది. తల్లి సాక ఉమ్మెయ్య. మిగిలిందంతా తల్లికే." ముంతను అక్కడే నేల మీద వంచింది. తెల్లటి కల్లు ఎండకు పగిలిన మట్టిలో ఇంకింది. చివరి చుక్కదాకా వంచి, ముంతను బోర్లించింది. "పోరి చెప్పకముందే నా నాలికకు ఎర్కయింది. గిదే గా నిద్ర. గా నిద్రల నా పిల్ల ఉండది."

*

ఇంటి అరుగు మీదికి చేరేసరికే లింబవ్వ కాళ్లు తడబడ్డాయి. పడుకోబెట్టారు. గంగామణి ఛాతీ మీద చెయ్యి వేసి ఊపిరి లెక్కపెట్టింది. నిమిషానికి పన్నెండు. తర్వాత పది. తర్వాత ఏడు. సఫియా మేడమ్ ఆటోలో వచ్చింది, గాలి ఊదే రబ్బరు సంచి తల దగ్గర పెట్టుకుని కూర్చుంది. "ఐదు అయితే చెప్పు" అంది. ఎండ అరుగు మీది నుంచి మెల్లగా వీధిలోకి దిగింది.

ఆరు. ఆరు. ఆరు.

సాయవ్వ వచ్చి లింబవ్వ కాళ్ల దగ్గర కూర్చుంది. గంగామణి వైపు చూడలేదు.

"గౌడ్ దుకాణం తలుపు మీద సుద్దతోటి రాసిండు. ఇరవై అని. ఇగ రోజు రాస్తడట. తాగేటోడు సూసుకొని తాగాలె."

"నువ్వు తాగుతవా వదినా?"

"తాగుత. ఎర్కుండి తాగుత. మా ఆయనకు ఎర్కలేకుండె." కాసేపటికి అంది, "దుకాణం ముంగట జాతరున్నట్టున్నది. ఒక్కొక్కడు ఆ అంకె కాడ నిలబడి సూస్తుండు. రాజవ్వైతే చెయ్యితోటి ముట్టింది. చదువురాదు కదా, గిదేనా అని. కొందరు పక్కూరికి పోయిండ్రు. పోనియ్యి. ఎర్కుండే పోయిండ్రు."

పొద్దు వాలుతుండగా ఊపిరి ఏడయింది. గంగామణి నమ్మలేదు, మళ్లీ లెక్కపెట్టింది. ఎనిమిది. పది. సఫియా మేడమ్ రబ్బరు సంచి పక్కన పెట్టి కళ్లద్దాలు తీసింది.

కొంగలు గూళ్లకు పోతున్న వేళకు లింబవ్వ వేళ్లు కదిలాయి. గంగామణికి రెండేళ్ల కిందటి మూడో రోజు కళ్ల ముందు నిలిచింది. ఆకు లేని బీడీలు. చీమలు. తర్వాత ఫిట్స్. లేచి తల్లి మణికట్లు పట్టుకోబోయింది.

"ఆగు" అంది సఫియా మేడమ్. "కనురెప్పలు సూడు."

మూసిన రెప్పల కింద కళ్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఎవరినో చూస్తున్నట్టు. మందు దిగిపోతోంది, దాని వెనకే కల వస్తోంది. నలభై ఏళ్ల పొడి, ఇవాళ్టి నిండు బుక్క, వాటన్నిటి కిందినుంచి దారి చేసుకుని వస్తోంది. గంగామణి వంగి చూసింది. మైక్రోస్కోపులో చూసిన ఏదీ ఇంత పెద్దది కాదు.

వేళ్లు బీడీ చుట్టడం లేదు. రెండు చేతులూ ఛాతీకి జానెడు ఎత్తున, చిన్న తల ఒకటి అక్కడ ఉన్నట్టు, గాలిని మూడు పాయలు తీశాయి. ఒకదాని మీద ఒకటి వేశాయి. తొందర లేదు. మెడ దాకా, వీపు దాకా అల్లాయి. కొసకు వచ్చాక కుడిచెయ్యి పక్కన చాప మీద తడిమింది. సాయవ్వ, గంగామణి, ఇద్దరూ ఆ చెయ్యినే చూస్తున్నారు.

చెయ్యి తిరిగి పైకి వచ్చింది. వేళ్లు రెండు చుట్లు తిప్పి, మెల్లగా ముడి వేశాయి. రిబ్బను దొరికింది.